పుట్టబోయే బిడ్డకు ఏమేం కొనాలి? ముందు ఆ జాబితాలో సగం కొట్టేయండి

మీ ప్రశ్న చదివానమ్మా. ఎనిమిదో నెల, తొలి కాన్పు, జూన్ మధ్యలో డేటు. హైదరాబాదు నుంచి పుట్టింటికి, తెనాలి వెళ్తున్నారు. షాపింగ్ యాప్‌లో దొరికిన జాబితాలో అరవై పైచిలుకు వస్తువులున్నాయి, అన్నీ కలిపితే నలభై వేలు దాటుతోంది. అటు మీ అమ్మగారేమో "పుట్టకముందు ఒక్క గుడ్డముక్క కూడా కొని ఇంట్లోకి తేకూడదు" అంటున్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. కొన్నేళ్లు కాన్పుల వార్డు, తర్వాత ఎక్కువ కాలం పసిపిల్లల ప్రత్యేక వార్డు. మాదీ గుంటూరు వైపే కాబట్టి మీ ఇంట్లో జరిగే వాదన నాకు కొత్త కాదు. మీ అమ్మగారి మాటే ముప్పాతిక వంతు నెగ్గుతుంది. మొదటి నెలలో బిడ్డకు కొనాల్సినవి చాలా తక్కువ. సిద్ధం చేసుకోవాల్సినవి మాత్రం బోలెడున్నాయి. వాటిలో చాలావరకు ఆ యాప్ జాబితాలో ఉండవు. అవి కొట్లో దొరికేవి కావు, పైగా సగం బిడ్డవి కూడా కావు, మీవి.

ముందు బట్టల సంగతి. మన వైపు పురుడు వెళ్లేదాకా బిడ్డకు కొత్త బట్ట తొడగరు. తాతగారి పాత పంచె, అమ్మమ్మ నూలు చీర చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. ఆసుపత్రి వైపు నుంచి చూసినా ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఏళ్ల తరబడి ఉతికిన నూలు బట్టలో గంజి ఉండదు, విడిచే రంగు ఉండదు, చెమట పీలుస్తుంది, పసిచర్మానికి గరుకు తగలదు. కొత్తవే వాడాలనుకుంటే కనీసం రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేశాకే వాడాలి.

అయితే ఒక్క జాగ్రత్త, ఇది చాలామందికి తెలియదు. ఆ పాత చీరలూ పంచెలూ ఇనప్పెట్టెలోంచి తీస్తారు కదా, వాటి మధ్య కలరా ఉండలు వేసి ఉంటే ఆ బట్టల్ని నేరుగా బిడ్డకు చుట్టకూడదు. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వాసన రూపంలో లోపలికి వెళ్తుంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో అది రక్తకణాల్ని పగలగొట్టి కామెర్లు బాగా పెంచేస్తుంది. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో మనకు ముందు తెలియదు. అందుకే ఆ పెట్టెలోంచి తీసే బట్టల్ని ఇప్పుడే తీయించండి. ఉతికి, రోజుల తరబడి గాలీ ఎండా తగలనిచ్చి, వాసన పూర్తిగా పోయాక వేరే సంచిలో కట్టి పెట్టమనండి. మీరు వెళ్లేసరికి ఈ పని అయిపోవాలి. ఇందులో కొత్తగా కొనేదేమీ లేదు కాబట్టి అమ్మగారూ కాదనరు.

ఎన్ని కావాలంటారా? పాలు పడ్డాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఒంటికి పోస్తుంది, చాలామంది పాలు తాగిన ప్రతిసారీ దొడ్డికి కూడా వెళ్తారు. కాబట్టి కింద వేసే గుడ్డలు పాతిక, ముప్పై ఉంచుకోండి. చుట్టడానికి గజం వెడల్పున్న పొత్తిగుడ్డలు ఎనిమిదో పదో. ముందువైపు ముడివేసే చేతుల జుబ్బాలు అరడజను. తలమీంచి తొడిగేవి మొదటి నెలలో వద్దు, మెడ నిలవని బిడ్డకు అవి తొడగడం ఇంట్లో అందరికీ పరీక్షే. టోపీలు రెండు, మేజోళ్లు రెండు జతలు. జూన్ రెండో వారం దాటితే వానలు మొదలై గుడ్డలు సరిగా ఆరవు, అందుకే కింది గుడ్డలు కాస్త ఎక్కువ చెప్పాను. పిన్నీసులు వద్దు, ముడి చాలు.

చేతి తొడుగుల గురించి ప్రత్యేకంగా చెప్తాను. గోళ్లతో గీరుకుంటుందని అందరూ వేస్తారు. లోపలివైపు తిప్పి చూడండి, కుట్టు దగ్గర వదులు దారాలు వేలాడుతుంటాయి. అందులో ఒక్క దారం బిడ్డ వేలికి చుట్టుకుని బిగిస్తే వేలు వాచి నల్లబడుతుంది, తొడుగు తీసేదాకా ఎవరికీ తెలియదు. మేజోళ్లకూ ఇదే వర్తిస్తుంది. దారాలన్నీ కత్తిరించాకే వాడండి. అసలు తొడుగులు మానేసి, బిడ్డ నిద్రపోతున్నప్పుడు చిన్న నెయిల్ కట్టర్‌తో గోళ్లు తీయడం మేలు.

డైపర్లు ఒకే ఒక చిన్న ప్యాకెట్, న్యూబోర్న్ సైజు. ఆసుపత్రిలో ఉన్న రోజులకూ, ప్రయాణానికీ, రాత్రి ఒకటీ. పెద్ద ప్యాకెట్లు ఆఫర్లో వస్తున్నాయని నాలుగు కొంటారు, బిడ్డ మూడు వారాల్లో ఆ సైజు దాటేస్తుంది, లేదా ఆ కంపెనీది పడక ఎర్రగా కందుతుంది. బొడ్డు ఊడేదాకా డైపర్ పైఅంచు బొడ్డు కిందికి మడిచి పెట్టాలి. మొదటి రెండు రోజులూ వచ్చే నల్లటి జిగురు విరేచనం చర్మానికి అంటుకుని ఒక పట్టాన వదలదు. ముందే పిర్రలకు కాస్త కొబ్బరినూనె రాసి ఉంచితే తేలిగ్గా వచ్చేస్తుంది. తడి వైప్స్ అక్కర్లేదు. దూది, గోరువెచ్చటి నీళ్లు చాలు.

ఇక ఎండాకాలపు బిడ్డ విషయం. కాన్పు గదిలో, ఆపరేషన్ థియేటర్‌లో ఏసీ ఉంటుంది, బిడ్డ తడిగా పుడుతుంది, అందుకని పుట్టగానే తుడిచి టోపీ పెట్టి తల్లి ఒంటికి ఆనించి పడుకోబెడతారు. అక్కడ టోపీ అవసరం. అదే టోపీ, మేజోళ్లు, రెండు పొరల దుప్పటి తెనాలిలో రోహిణీ కార్తె మధ్యాహ్నం ఇంట్లో వేస్తే బిడ్డ కాగిపోతుంది. మీరు వేసుకున్నదానికంటే ఒక్క పొర ఎక్కువ, అంతే. పొట్టా పాదాలూ రెండూ తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే బట్ట చాలడంలేదని. రెండూ చల్లబడితే వెంటనే ఒంటికి ఆనించుకుని ఆసుపత్రికి బయల్దేరాలి. ఏసీ వాడొచ్చు, 26 నుంచి 28 డిగ్రీల మధ్య పెట్టి, గాలి నేరుగా బిడ్డ మీదకు రాకుండా. ఎంత ఎండ కాసినా బిడ్డకు విడిగా మంచినీళ్లు మాత్రం పట్టకూడదు. ఆరు నెలలదాకా దాహానికి కూడా తల్లిపాలే.

నిజంగా కొని పెట్టుకోవాల్సిన వస్తువుల్లో మొదటిది డిజిటల్ థర్మామీటరు. చేత్తో తాకి "ఒళ్లు కాలుతోంది" అనడానికీ, అంకె చూసి చెప్పడానికీ ఎంతో తేడా. చంకలో పెట్టి చూడాలి. 97.7 నుంచి 99.5 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే సరి. 100.4 వస్తే చుట్టిన బట్టలు తగ్గించి పావుగంట ఆగి మళ్లీ చూడండి, తగ్గకపోతే రాత్రా పగలా అని చూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నెలలోపు బిడ్డకు జ్వరం మందు ఇంట్లో వేయకూడదు. రెండోది గొడుగులా మూసే దోమతెర. దోమల చక్రాల పొగ పసిబిడ్డ ఉన్న గదిలో వద్దే వద్దు. మూడోది, పరుపు తడవకుండా రెండు రబ్బరు షీట్లు. నాలుగోది చేతులు కడుక్కునే సబ్బు. నవ్వకండి, చూడ్డానికి వచ్చే చుట్టాలకు గది గుమ్మం దగ్గరే కనబడేలా పెట్టాలి. "చేతులు కడుక్కోండి పిన్నీ" అని కొత్త బాలింత అనలేదు, సబ్బూ తువ్వాలూ అక్కడ ఉంటే మీ అమ్మగారు అనగలరు. దగ్గూ జలుబూ ఉన్నవాళ్లను బారసాలకు రమ్మనండి, ఇప్పుడు కాదు. అయిదోది, కరెంటు పోతే వెలిగే చార్జింగ్ లైటు, చార్జింగ్ ఫ్యాను. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇది కొట్టేయండి.

పడుకోబెట్టే విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది. గట్టిగా, చదునుగా ఉండే సన్నటి పరుపు, దాని మీద నూలు గుడ్డ, బిడ్డ వెల్లకిలా. దిండు లేదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా లేదు. ఆ జాబితాలోని బొమ్మలు, పక్కల పెట్టే దిళ్లు, మెత్తటి పరుపుల సెట్టు అన్నీ కొట్టేయండి. మొహం వాటిలోకి ఒరిగితే తిప్పుకునే బలం బిడ్డకు ఉండదు. తల ఆకారం వారాలు గడిచేకొద్దీ దానంతట అదే సర్దుకుంటుంది. మెలకువగా ఉన్నప్పుడు అటూ ఇటూ తిప్పి ఎత్తుకుంటే చాలు. చీర ఉయ్యాలకు నేను వ్యతిరేకిని కాదు, ఎవరో ఒకరు పక్కన ఉండి ఊపుతున్నంతసేపు పర్వాలేదు, రాత్రంతా అందులోనే వదిలేయడం వద్దు. చుట్టేటప్పుడు కాళ్లు చాచి బిగించకండి, తుంటి కీళ్లకు మంచిది కాదు.

పాలసీసాలు, పాలపొడి డబ్బా, సీసాలు మరిగించే యంత్రం, బ్రెస్ట్ పంపు. మీ జాబితాలో అన్నిటికంటే ఖరీదైన భాగం ఇదే అనుకుంటాను. ఏదీ ముందుగా కొనొద్దు. పాలపొడి ఇంట్లో ఉంటే రెండో రాత్రి బిడ్డ ఏడుస్తుంది, ఎవరో ఒకరు "పాలు చాలడంలేదు" అంటారు, డబ్బా తెరుస్తారు. ఆ రెండో రాత్రి ఏడుపు దాదాపు ప్రతి బిడ్డకూ ఉండేదే. మాటిమాటికీ రొమ్ముకు పట్టిస్తేనే పాలు దిగుతాయి. మొదట వచ్చే ముర్రుపాలు చెంచాడే కనిపిస్తాయి, ఆ రోజు బిడ్డ పొట్టకు అంతే కావాలి. పుట్టిన గంటలోపు పట్టించడం మంచిది, ఆపరేషన్ అయినా సాధ్యమే, ఎవరైనా బిడ్డను పట్టుకుని సాయం చేయాలి. పాలపొడికీ సీసాలకూ ప్రకటనలు ఇవ్వకూడదని, తల్లులకు ఉచితంగా నమూనాలు పంచకూడదని మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. మీ యాప్‌లో అవి ఎలా కనబడ్డాయో నన్నడగకండి. డాక్టరు కారణం చెప్పి రాస్తే అప్పుడు గంటలో తెచ్చుకోవచ్చు, తెనాలిలో మందుల షాపులకు కరువా.

వాటి బదులు ఇంట్లో ఉగ్గుగిన్నె ఉంటే తీసి తోమి పెట్టుకోండి. బిడ్డ కాస్త బరువు తక్కువైనా, రొమ్ము పట్టడం ఆలస్యమైనా, పిండిన తల్లిపాలు దాంతో పట్టొచ్చు. సీసా ఇరుకు మూతిలా కాకుండా దీన్ని కడగడం, పది నిమిషాలు నీళ్లలో మరిగించడం తేలిక. చేత్తో పాలు పిండడం ఎలాగో మీరు చూపించుకునే ఆసుపత్రిలో నర్సును అడిగి ఇప్పుడే తెలుసుకోండి, పిండడం మాత్రం కాన్పు అయ్యాకే. చనుమొనలు లోపలికి ఉన్నట్టు అనిపిస్తే వచ్చే చెకప్‌లోనే చెప్పేయండి. బిడ్డ ఆకలితో ఏడుస్తున్నప్పుడు అది కనిపెట్టడం ఇద్దరికీ కష్టం.

ఉగ్గుగిన్నె అన్నాను కదా అని దాంట్లో ఆముదం, వస, తేనె, పంచదార నీళ్లు, గాడిద పాలు పోయమని కాదు. ముఖ్యంగా తేనె ఏడాదిలోపు నాలుకకు రాయడం కూడా వద్దు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల నరాల్ని చచ్చుబడేలా చేయగలదు. గ్రైప్ వాటర్ అవసరం లేదు. పౌడరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వద్దు. కాటుక కంట్లో పెట్టకూడదు. దిష్టి చుక్క లేకపోతే అత్తగారు ఊరుకోరు అంటారా, అరికాలికి పెట్టండి, ఎవరికీ నష్టం లేదు. బొడ్డుకు ఏమీ రాయకుండా పొడిగా వదిలేస్తే వారం నుంచి రెండు వారాల్లో ఊడిపోతుంది. పసుపు, నూనె, బూడిద, ఆవుపేడ, ఏదీ దాని దగ్గరికి రాకూడదు.

స్నానం గురించి మీ ఇంట్లో పెద్ద చర్చే నడుస్తుంది. పుట్టిన మొదటి 24 గంటలు అసలు స్నానం వద్దు, ఒంటి మీది తెల్లటి పూత బిడ్డకు రక్షణ. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. తర్వాత నీళ్లుపోసే ఆవిడ వస్తే రానివ్వండి. చాచిన కాళ్ల మీద పడుకోబెట్టి పోసే ఆ పద్ధతిలో అనుభవం ఉన్న చెయ్యి ఉంటే బాగానే ఉంటుంది, బేబీ టబ్బు కొనాల్సిన పని తప్పుతుంది. కానీ ఆవిడకు ముందే నాలుగు మాటలు చెప్పాలి: ముక్కులో చెవిలో నూనె చుక్కలు వేయొద్దు, ముక్కు లాగి సూటిగా చేయొద్దు, బిడ్డ రొమ్ములు వాచి ఉంటే పిండొద్దు (తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన వాపు అది, తగ్గిపోతుంది), నోట్లో వేలు పెట్టి గొంతు శుభ్రం చేయొద్దు. చివరిదే ఎక్కువ ప్రమాదం. కొబ్బరినూనెతో మెల్లగా మర్దనా మంచిదే. సున్నిపిండి కొన్ని నెలలు ఆగాలి. నీళ్ల వేడి మోచేతితో చూడాలి, పసివాళ్లకు తగిన వేడి ఎంతో అరచేతికి అంచనా దొరకదు. సాంబ్రాణి పొగ బిడ్డకు పట్టొద్దు. మీకు తల ఆరడానికి కావాలంటే వేరే గదిలో వేసుకోండి.

విటమిన్ డి చుక్కలు సాధారణంగా రోజుకు 400 యూనిట్లు రాస్తారు. కొన్ని సీసాల్లో ఒక మిల్లీలీటరుకు 400, కొన్నిటిలో 800 ఉంటుంది. డాక్టరు రాసిన పేరు దొరక్క షాపువాళ్లు వేరేది ఇస్తే ఈ అంకె చూసుకోండి, లేకపోతే రెండింతలు పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ సంచి. 35వ వారం నిండేలోపు సర్ది తలుపు దగ్గర పెట్టేయాలి. డేటు జూన్ మధ్యలో అంటే బిడ్డ ఆ రోజే వస్తుందని కాదు, సరిగ్గా చెప్పిన రోజుకే పుట్టేవాళ్లు నూటికి అయిదుగురు ఉంటే గొప్ప. ముందువైపు తెరుచుకునే వదులు నైటీలు మూడు నాలుగు. కాన్పు తర్వాత వాడే పెద్ద సైజు ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, మామూలువి మొదటి రోజులకు చాలవు. నడుం పైదాకా వచ్చే నూలు లోదుస్తులు, ఆపరేషన్ అయితే కుట్టు మీద అంచు ఒరుసుకోకుండా. పడుకుని తాగడానికి స్ట్రా ఉన్న నీళ్ల సీసా. మొదటి రోజు లేవలేక నీళ్లు తాగని బాలింతలకు ఇది చాలా ఉపయోగపడుతుంది. తోడు ఉండేవాళ్లకు చాప, దుప్పటి, ఫ్లాస్కు, గ్లాసులు, బకెట్టు మగ్గు, ఫోను చార్జరు, కొంచెం చిల్లర డబ్బు. ప్రైవేటు ఆసుపత్రి అయితే బిడ్డ కిట్టు వాళ్లే ఇచ్చి బిల్లులో వేస్తారేమో ముందే అడగండి, వస్తువులు రెండుసార్లు కొన్నట్టవుతుంది.

ఇనుము మాత్రలు కాన్పుతో ఆగిపోవు. కాన్పు తర్వాత కూడా 180 రోజులు ఇనుము, కాల్షియం వాడాలి, రెండూ ఒకేసారి కాకుండా వేర్వేరు పూటల్లో. ఆ మాత్రలు సంచిలో ఉండాలి. "బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదు, కుట్లు చీము పడతాయి" అని ఎవరైనా అంటే వినకండి. జూన్ ఎండలో పాలిచ్చే మనిషి నీళ్లు మానేస్తే మలబద్ధకం, మూత్రంలో మంట, నీరసం మిగులుతాయి. పత్యం పేరుతో కూరలూ పప్పూ గుడ్లూ ఆపేయడం కూడా అంతే. అమ్మగారితో ఈ మాట మీవారి చేత కాదు, డాక్టరు చేత చెప్పించండి. చెకప్‌కు ఆవిడను తోడు తీసుకెళ్తే పని అయిపోతుంది.

రక్తం. ఈ ఒక్క మాట మీ జాబితాలో ఎక్కడా లేదు. మీ బ్లడ్ గ్రూపు ఏదైనా సరే, అదే గ్రూపు ఉన్న ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోండి, తెనాలిలోనో గుంటూరులోనో గంటలో రాగలిగినవాళ్లవి. నెగటివ్ గ్రూపు అయితే ఇది మరీ ముఖ్యం. మీది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు మీకు యాంటీ-డి (తర్వాతి కాన్పులో బిడ్డకు హాని రాకుండా ఇచ్చేది) ఇంజెక్షన్ పడాలి. అది దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కోవాలి. అలాగే మీ రక్త పరీక్షల్లో హెపటైటిస్ బి ఉందని వచ్చి ఉంటే బిడ్డకు పుట్టిన 12 గంటల్లోపు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి, దాని ధర ఎక్కువ, అన్ని చోట్లా ఉండదు. టీకాల విషయానికొస్తే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి, వీటితోపాటు విటమిన్ కె ఇంజెక్షన్. ఇవి పడ్డాయా అని ఇంటికి వచ్చేముందు కార్డులో చూసుకోవాలి.

కాగితాలు ఒకే ప్లాస్టిక్ ఫోల్డరులో: తల్లీబిడ్డల కార్డు, స్కానింగులు, రక్త పరీక్షలు, ఇద్దరి ఆధార్ నకళ్లు, బ్యాంకు పాస్‌బుక్ నకలు, ఆరోగ్యశ్రీ ఉంటే అది. మీకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి. ఒకటి, జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన ఊళ్లో, మీరుండే ఊళ్లో కాదు. కాన్పు తెనాలిలో అయితే సర్టిఫికెట్ అక్కడిదే. 21 రోజుల్లోపు నమోదైతే రుసుము లేదు. ఆసుపత్రి ఫారంలో మీ ఇద్దరి పేర్లు ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే రాయించండి, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూసుకోండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి నుంచి పాస్‌పోర్టు దాకా ఈ కాగితమే పుట్టిన తేదీకి రుజువు. హైదరాబాదు నుంచి మళ్లీ తప్పు దిద్దించుకోవడానికి వెళ్లడం ఎంత తిప్పలో ఊహించుకోండి. బిడ్డ పేరు మాత్రం తర్వాత చేర్చుకోవచ్చు, ఏడాదిలోపు అయితే ఉచితంగానే.

రెండోది, మీ పేరు హైదరాబాదులో నమోదై ఉంది కాబట్టి తెనాలిలో మీ వీధి ఆశా కార్యకర్తకు మీరున్నట్టే తెలియదు. వెళ్లిన వారంలో ఆమెను కలిసి పేరు రాయించుకోండి. ఆసుపత్రిలో కాన్పయిన తల్లుల ఇళ్లకు ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. బిడ్డ బరువు, బొడ్డు, కామెర్లు చూస్తుంది. ఇది ఉచితం, అయినా మధ్యతరగతి ఇళ్లలో "మాకు అక్కర్లేదు" అని పంపేస్తుంటారు. ప్రభుత్వాసుపత్రి కాన్పు అయితే 2011 నుంచి ఉన్న పథకం కింద మందులు, పరీక్షలు, తిండి, ఇంటికి దింపడం అన్నీ ఉచితమే. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్టు మీ పక్కింటివాళ్లు ఎవరైనా తీసుకుని ఉంటే అందులో ఏమున్నాయో అడిగి చూడండి: సబ్బు, నూనె, బట్టలు, తువ్వాళ్లు, దోమతెర పరుపు. అరవై వస్తువులు ఉండవు.

ఫోల్డరు అట్ట వెనక ఇవి రాసి అంటించండి, అమ్మగారికీ మీవారికీ కనబడేలా. బిడ్డ పాలు పట్టడం మానేసినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీసుకున్నా, పక్కలు ఎగరేస్తున్నా, లేపినా లేవనట్టు మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, తర్వాతైనా ఆ పసుపు అరచేతులు అరికాళ్లదాకా దిగినా, ఆలస్యం లేదు, 108. కామెర్లకు ఎండలో పెడితే పోతాయని కూర్చోకండి. మీకు గంటలోపే ప్యాడ్ నిండా తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, తీవ్రమైన తలనొప్పితో కళ్లు మసకబారినా అదే నంబరు. కాన్పుకు ముందైతే ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా నొప్పుల కోసం ఎదురుచూడకుండా వెళ్లిపోవాలి.

కాబట్టి అమ్మగారితో రాజీ ఇలా కుదుర్చుకోండి. పాత బట్టలు, రబ్బరు షీట్లు, థర్మామీటరు, మీ ప్యాడ్లు, కాగితాలు ముందే సిద్ధం. వీటిని "బిడ్డ సామాను" అనక్కర్లేదు, ఆసుపత్రి సామాను అనండి. దోమతెర, జుబ్బాలు కావాలంటే మీవారు ఆర్డరు పెట్టి హైదరాబాదులోనే ఉంచి, పుట్టాక వచ్చేటప్పుడు తెస్తారు. తర్వాతి టీకాలు ఒకటిన్నర నెలకు. అప్పటికి మీరు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో వేయించవచ్చు, కార్డు మీ దగ్గర ఉండాలి.

బారసాలకు ఏం తేమంటారు అని చుట్టాలు అడుగుతారు. మొహమాటపడకుండా చెప్పండి: ఆరు నెలల సైజు, ఏడాది సైజు నూలు బట్టలు. అందరూ పుట్టిన బిడ్డ సైజే తెస్తారు, రెండు నెలలకే అవి పట్టవు.